1967 జీపుకు కొత్త స్టీరింగ్ బాక్స్: బిగించే ముందు చూసుకోవాల్సినవి

అల్వాల్ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారి దగ్గర 1967 నాటి సీజే-3బి జీపు ఉంది. ప్రభుత్వ వేలంలో 1986లో కొన్నారు. స్టీరింగ్‌లో నాలుగు వేళ్ల ప్లే ఉంది, అంటే అంత దూరం తిప్పినా చక్రాలు కదలవు. తిప్పడం కూడా చాలా బరువు. భుజం ఆపరేషన్ తర్వాత నాన్నగారు జీపు తీయడం మానేశారు. ఆయన మళ్లీ నడపాలని ఈ అమ్మాయి పాత సామాన్ల దుకాణంలో, తర్వాతి కాలపు జీపు నుంచి తీసిన రీసర్క్యులేటింగ్ బాల్ స్టీరింగ్ బాక్స్ ఒకటి కొని, జీపుదీ బాక్స్‌దీ ఫోటో పంపారు. "పాతది విప్పి ఇది బిగిస్తే సరిపోతుందా? మెకానిక్ ఒక్క రోజు పని అంటున్నాడు" అని అడిగారు.

అమ్మా, మీరు కొన్న బాక్స్ మీ జీపుకు పెట్టొచ్చు. సరిగ్గా పెడితే నాన్నగారు మళ్లీ నడపగలిగేంత తేలికగా స్టీరింగ్ తిరుగుతుంది. ఒక్క రోజులో మాత్రం అవదు. బాక్స్ మారితే చేతి నుంచి చక్రం దాకా ఉన్న దారంతా మారుతుంది. ఆ దారిలో ప్రతి కీలూ, ప్రతి కోణమూ మళ్లీ చూసుకోవాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా పాత జీపుల పని చేస్తున్నాను, బాలానగర్‌లో మాకు లేత్ షాపు ఉంది. ఈ మార్పిడి ఇప్పటిదాకా పదకొండు జీపులకు చేశాను. మొదటిది తప్పుగా చేశాను. అది నా సొంత జీపే. దాని సంగతి కింద రాశాను, దయచేసి ఆ భాగం మీ మెకానిక్‌తో కూడా చదివించండి.

ముందు ఇది తేల్చుకోండి. ప్లే ఉండడం వేరు, బరువుగా ఉండడం వేరు. రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయని రెండింటికీ బాక్సే కారణం అనుకోకండి. కొత్త బాక్స్ పెట్టాక కూడా నాలుగు వేళ్ల ప్లే అలాగే ఉండిపోయిన జీపులు నా దగ్గరికి వచ్చాయి.

ఆదివారం పొద్దున ఒక గంట కేటాయించండి. జీపును చదునైన చోట పెట్టి, గేర్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ ఎత్తొద్దు, ముందు చక్రాల మీద బరువు ఉండాలి. నాన్నగారిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపేసి, స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపమనండి. మీరు కింద కూర్చుని బాక్స్ దగ్గర మొదలుపెట్టి చక్రం దాకా ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూడండి. బాక్స్ నుంచి బయటికి వచ్చే డ్రాప్ ఆర్మ్ స్టీరింగ్‌తో పాటే కదులుతుందా, ఆలస్యంగా కదులుతుందా? డ్రాప్ ఆర్మ్ కదిలాక దానికి తగిలించిన రాడ్, అంటే డ్రాగ్ లింక్, వెంటనే కదిలిందా? ముందు మధ్యలో ఉండి డ్రాగ్ లింక్ కదలికను చక్రాల వైపు మళ్లించే బెల్ క్రాంక్ తన పిన్ను మీద తిరుగుతోందా, లేక పిన్నుతో సహా అటూ ఇటూ వాలుతోందా? అక్కడి నుంచి చక్రాలకు పోయే టై రాడ్ల బాల్ జాయింట్లు ఎలా ఉన్నాయి? ఏ రెండు భాగాల మధ్య ఆలస్యం ఉందో అక్కడ సుద్ద ముక్కతో గీత పెట్టండి. బాక్స్ కూడా ఛాసిస్ మీద కదులుతోందేమో మరిచిపోకుండా చూడండి. అది చాలామంది చూడరు.

సీజే-3బిలో నా అనుభవంలో ఎక్కువ ప్లే బెల్ క్రాంక్ దగ్గరే దొరుకుతుంది. దాని బేరింగ్‌కు ఏళ్ల తరబడి గ్రీజు అందదు. పైనుంచి దుమ్ము, నీళ్లు చేరి పిన్ను అరిగిపోతుంది. పోయినేడు తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక జీపుకు బెల్ క్రాంక్ పిన్ను, బేరింగ్ మార్చగానే నాలుగు వేళ్ల ప్లే ఒక వేలికి దిగింది. ఆ ఇంటాయన కొత్త బాక్స్ కొనాలన్న ఆలోచన మానుకున్నారు.

తర్వాత ముందు చక్రం ఒక్కొక్కటే జాకీతో లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే నాన్నగారిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కినప్పుడు ఊగడం ఆగిపోతే వీల్ బేరింగ్ వదులు. అప్పుడూ ఊగుతుంటే కింగ్ పిన్ (చక్రం కుడి ఎడమలకు తిరిగే ఇరుసు) బేరింగులు వదులు. కింగ్ పిన్ దగ్గర షిమ్ములు, అంటే పలుచని రేకు ముక్కలు, తగ్గించి మళ్లీ బిగుతు తేవచ్చు. బేరింగ్ గుంటలు పడి ఉంటే మార్చాల్సిందే. కమాన్ పట్టీల బుష్‌లు, షాకిల్ పిన్నులు కూడా చూడండి. అవి వదులైతే యాక్సిల్ మొత్తం పక్కకు జరుగుతుంది, ఎంత మంచి బాక్స్ పెట్టినా జీపు రోడ్డు మీద తిన్నగా పోదు.

ఇక పాత బాక్స్ సంగతి. మీ జీపులో ఉండేది రాస్ డిజైన్ కామ్ అండ్ లీవర్ బాక్స్. స్టీరింగ్ రాడ్ కింది చివర మెలి తిరిగిన గాడి ఉంటుంది. అందులో రెండు టేపర్ పిన్నులు కూర్చుంటాయి. గాడి తిరిగినప్పుడు పిన్నులు జరుగుతాయి, వాటితో లీవర్ షాఫ్ట్ తిరిగి డ్రాప్ ఆర్మ్‌ను ఊపుతుంది. ఇక్కడ లోహం మీద లోహం రాసుకుంటూ నడుస్తుంది కాబట్టి ఆయిల్ ఉండి తీరాలి. మన దగ్గర లీకు ఆపడానికి ఇందులో గట్టి గ్రీజు కూరుతుంటారు. ఆ గ్రీజు గోడలకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, పిన్నులు పొడిగా రాసుకుని ఒక వైపు చదునైపోతాయి. ప్లే ఎక్కువైందని పక్క మూత మీద ఉన్న స్క్రూ బిగిస్తారు. అప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రాదు. మీ జీపులో ప్లే, బరువు రెండూ ఉన్నాయంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. డ్రాగ్ లింక్ విప్పి స్టీరింగ్‌ను చివరి నుంచి చివరి దాకా నెమ్మదిగా తిప్పి చూడండి. మధ్యలో కొద్దిగా బిగుతుగా అనిపించడం సహజం, గాడిని అలాగే చేస్తారు. మధ్యలో వదులుగా, పక్కలకు పోతే బిగుతుగా ఉంటే ఆ గాడి మధ్యభాగం అరిగిపోయినట్టే. స్క్రూ బిగించి దాన్ని బాగుచేయలేరు.

బరువు గురించి మరో మాట. మీ ఫోటోలో ముందు టైరు వెడల్పుగా కనిపిస్తోంది. ఈ జీపుకు కంపెనీ ఇచ్చింది 6.00-16 సన్న టైరు. వెడల్పు టైరు, బయటికి పొడుచుకొచ్చిన రిమ్ము పెడితే చక్రం తిరిగే ఇరుసుకు, టైరు నేల మీద ఆనే చోటుకు మధ్య దూరం పెరుగుతుంది. నిలబడి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పడం చాలా కష్టమవుతుంది. నాన్నగారి భుజం గురించి ఆలోచిస్తే బాక్స్ కన్నా ముందు నేను టైర్లు, రిమ్ములు పాత సైజుకు మారుస్తాను. అప్పు తెచ్చుకున్న రెండు సన్న టైర్లు ముందు బిగించి ఒక రౌండ్ వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా బాక్సే అరిగిందని తేలితే, లేదా నాన్నగారి కోసం స్టీరింగ్ ఇంకా తేలిక కావాలంటే, కొత్త బాక్స్ పెట్టడానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రీసర్క్యులేటింగ్ బాల్ బాక్స్‌లో స్క్రూ లాంటి వార్మ్ మీద ఒక నట్టు నడుస్తుంది. రెండింటి మధ్య గాడిలో ఉక్కు గోళీలు దొర్లుతూ, ఒక గొట్టం గుండా తిరిగి మొదటికి వస్తుంటాయి. రాసుకోవడం బదులు దొర్లడం కాబట్టి రాపిడి తక్కువ, అరుగుదల తక్కువ. మారుతి జిప్సీలో కూడా ఇదే రకం. అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ కారులో ఉండేది ర్యాక్ అండ్ పినియన్, ఈ మార్పిడి మీకు వర్తించదు.

మీరు కొన్న బాక్స్ రేషియో, అంటే డ్రాప్ ఆర్మ్ ఒక డిగ్రీ కదలడానికి స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిప్పాలో ఆ లెక్క, రాయలేదు. ఇంట్లోనే కొలవొచ్చు. డ్రాప్ ఆర్మ్ కింద అట్ట ముక్క పెట్టి, ఆర్మ్ ఉన్న చోట గీత గీయండి. ఇన్‌పుట్ షాఫ్ట్‌ను సరిగ్గా ఒక చుట్టు తిప్పి మళ్లీ గీత గీయండి. స్కూలు పిల్లల కోణమానినితో కొలిస్తే 15 డిగ్రీలు వచ్చిందనుకోండి, రేషియో 24. ఇరవై రెండున్నర డిగ్రీలు వస్తే 16. మీ పాత రాస్ బాక్స్ రేషియో మధ్యలో 12, రెండు చివర్లలో 14. పవర్ స్టీరింగ్ లేకుండా నడపాలంటే 24 దగ్గరలో ఉన్న బాక్స్ కావాలి. అప్పుడు చేతి బలం దాదాపు సగం చాలు, స్టీరింగ్ చుట్లు మాత్రం దాదాపు రెట్టింపు అవుతాయి. భుజం నొప్పి ఉన్నవాళ్లకు రెండు చుట్లు ఎక్కువ తిప్పడం కన్నా ఒక్కసారి గట్టిగా లాగడమే ఎక్కువ బాధ. 16 వస్తే అది పవర్ స్టీరింగ్ బండి నుంచి తీసిన బాక్స్ కావొచ్చు. పంపు లేకుండా అది మీ పాత బాక్స్ కన్నా పెద్ద తేలిక ఇవ్వదు. మార్చుకోండి.

పాత సామాను కాబట్టి ఇంకా కొన్ని చూడాలి. బాక్స్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే ఎక్కడా గరుకు, చిన్న చిన్న మెట్లు తగలకూడదు. చివరిదాకా పోయినప్పుడు గట్టిగా కొట్టనీయకండి, లోపల గోళీల గొట్టం దెబ్బతింటుంది. కింది షాఫ్ట్‌ను పక్కకు ఊపితే కదలకూడదు. దాని స్ప్లైన్లు (డ్రాప్ ఆర్మ్ పట్టే పళ్లు) మెలి తిరిగినట్టు ఉంటే ఆ బండి ఎప్పుడో దేన్నో గుద్దింది, ఆ బాక్స్ వద్దు. బిగించే చెవుల దగ్గర డై పెనిట్రెంట్ టెస్ట్ చేయించండి. ఎర్ర రంగు కొట్టి తుడిచి తెల్ల పౌడర్ చల్లితే కంటికి కనిపించని పగులు గీతలా బయటపడుతుంది. దీనికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, తిరిగే దిశ. స్టీరింగ్ కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు పోయే జీపును నేను కళ్లారా చూశాను. పని చేసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు, బాక్స్ సులువుగా పట్టే చోట పట్టించారంతే. డ్రాప్ ఆర్మ్ వెనక్కి చూస్తున్నట్టు ఉన్న బాక్స్‌ను ముందుకు చూసేలా బిగిస్తే దిశ తలకిందులవుతుంది. బాక్స్‌ను బోర్లా తిప్పి బిగించినా అంతే. చక్రం దగ్గర ఉన్న ఆర్మ్ యాక్సిల్‌కు ముందుందా, వెనకుందా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే బ్రాకెట్‌కు రేకు కోయకముందే బాక్స్‌ను జీపు పక్కన అసలు బిగించబోయే వాటంలో పట్టుకోండి. ఇన్‌పుట్ షాఫ్ట్‌ను డ్రైవర్ వైపు నుంచి చూస్తూ కుడికి తిప్పండి. డ్రాప్ ఆర్మ్ ఎటు పోతుందో, అది నెడితే ఎడమ చక్రం ఎటు తిరుగుతుందో నోటితో చెప్పుకుంటూ చూడండి. చక్రం కుడికి తిరగాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. దిశ తప్పిందని తర్వాత తెలిస్తే చేసినదంతా విప్పాల్సిందే.

బాక్స్ పెట్టడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. పాత బాక్స్ ఉన్న చోటే కొత్తది పెట్టి, డ్రాగ్ లింక్ ముందూ వెనకా కదిలేలా ఉంచి, బెల్ క్రాంక్‌ను బాగుచేసి వాడుకోవడం ఒకటి. బాక్స్‌ను కుడి ఛాసిస్ రైలు (ఛాసిస్ పొడవునా ఉండే దూలం) మీద ముందుకు తెచ్చి, అక్కడి నుంచి అడ్డంగా ఎడమ చక్రం ఆర్మ్ దాకా పొడవాటి డ్రాగ్ లింక్ వేసి, బెల్ క్రాంక్‌ను పూర్తిగా తీసేయడం రెండోది. అప్పుడు రెండు ముక్కల టై రాడ్ బదులు చక్రం నుంచి చక్రానికి ఒకే టై రాడ్ వస్తుంది. నాకు రెండోదే ఇష్టం. అరిగే కీళ్లు తగ్గుతాయి. మీ ఫోటోలో బాక్స్ చెవులు షాఫ్ట్ కిందికి దిగేలా ఉన్నాయి, కాబట్టి మీ బాక్స్‌కూ అదే అనువు. రేడియేటర్‌కు, బంపర్‌కు, కమాన్ పట్టీ పైకి లేచినప్పుడు దానికి తగలకుండా చోటు ఉందో లేదో మాత్రం అట్టతో డమ్మీ చేసి చూసుకోవాలి.

నా తప్పు ఇక్కడే జరిగింది. 1998లో నా జీపుకు ఇలాగే బాక్స్ ముందుకు తెచ్చి, ఒక వెల్డింగ్ షాపులో బ్రాకెట్‌ను నేరుగా ఛాసిస్ రైలుకు అతికించాను. నిలువుగా, పైనుంచి కింద దాకా వెల్డింగ్ గీత. చూడటానికి చాలా గట్టిగా ఉంది. ఏడు నెలలు బాగానే నడిచింది. ఒక సాయంత్రం శామీర్‌పేట నుంచి వస్తుంటే తూంకుంట దగ్గర స్టీరింగ్ తిప్పాను, చక్రాలు తిరగలేదు, బాక్స్ తిరిగింది. వెల్డింగ్ పక్కన రైలు రేకు చీరుకుపోయింది. జీపు రోడ్డు దిగి మట్టిలో ఆగింది. పక్కన మా ఆవిడ, ఒళ్లో నాలుగేళ్ల పాప. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం బలహీనపడింది. నిలువు గీత ఉన్నచోటే బరువంతా చేరింది. నిలబడి స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ బాక్స్ ఆ రేకును మెలిపెడుతూనే ఉంది.

అప్పటి నుంచి నేను ఛాసిస్‌కు స్టీరింగ్ బ్రాకెట్ వెల్డింగ్ చేయను. మందపాటి ప్లేటు రైలు బయటి వైపు ఒకటి, లోపల ఒకటి పెట్టి, బోల్టులతో బిగిస్తాను. రైలు రేకు ఛానెల్ కాబట్టి బోల్టు బిగిస్తే నలిగిపోతుంది. అందుకే ప్రతి బోల్టుకూ రైలు లోపల సరిగ్గా అంతే వెడల్పున్న ఉక్కు గొట్టం ముక్క వేస్తాను. బోల్టులు 10.9 గ్రేడు, తల మీద ఆ అంకె ఉండాలి. నట్లు నైలాక్, అంటే వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి. ఇవన్నీ రాణిగంజ్‌లో దొరుకుతాయి, కానీ అంకె లేని బోల్టు ఎంత మెరిసినా తీసుకోకండి. బ్రాకెట్ ఎదుటి రైలును కూడా ఒక అడ్డు కడ్డీతో పట్టుకుంటే ఇంకా మంచిది. బిగించాక నాన్నగారిని నిలబడ్డ జీపులో స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, మీరు బాక్స్‌కూ రైలుకూ మధ్య వేలు పెట్టండి. కదలిక తెలిస్తే బ్రాకెట్ చాలలేదు.

డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్ విషయంలో రాజీ వద్దు. పాత జీపు డ్రాప్ ఆర్మ్ కొత్త బాక్స్ స్ప్లైన్లకు పట్టదు. బాక్స్‌తో వచ్చిన ఆర్మ్ వాడండి. అది సరిపోలేదని మంటతో ఎర్రగా కాల్చి వంచే వాళ్లుంటారు. ఫోర్జింగ్ ఆర్మ్‌ను కాలిస్తే దాని బలం పోతుంది. ఆర్మ్ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. బాక్స్ రేషియో 24, డ్రాప్ ఆర్మ్ 6 అంగుళాలు, చక్రం ఆర్మ్ 6 అంగుళాలు అయితే మొత్తం 24. డ్రాప్ ఆర్మ్ 5 అంగుళాలే అయితే దాదాపు 29 అవుతుంది. ఇంకా తేలిక, కానీ చక్రం తిరిగే కోణం తగ్గి మీ వీధిలో యూ టర్న్ కష్టమవుతుంది. బాల్ జాయింట్ టేపర్ (సన్నబడుతూ పోయే వాలు), ఆర్మ్ రంధ్రం టేపర్ ఒకటే కావాలి. మార్కింగ్ బ్లూ రాసి కూర్చోబెట్టి తీస్తే రంగు చుట్టూ సమంగా అంటాలి. అంటకపోతే లేత్ షాపులో సరైన టేపర్ రీమర్‌తో చేయించాలి. వాషర్లు వేసి సర్దే పని ఎప్పుడూ వద్దు. డ్రాగ్ లింక్‌ను రెండు పాత రాడ్లు అతికించి కాకుండా, మందపాటి సీమ్‌లెస్ గొట్టంతో, ఒక చివర కుడి మర, మరో చివర ఎడమ మర తీయించి చేయించండి. బాలానగర్‌లో ఈ పని తెలిసిన లేత్ షాపులు చాలా ఉన్నాయి. ప్రతి బాల్ జాయింట్ నట్టుకూ స్ప్లిట్ పిన్ తప్పనిసరి.

డ్రాగ్ లింక్ కోణం గురించి ఎవరూ చెప్పరు, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. గుంతలో పడ్డప్పుడు యాక్సిల్ పైకీ కిందికీ కదులుతుంది, బాక్స్ మాత్రం ఛాసిస్‌తో ఉంటుంది. మధ్యలో ఉన్న డ్రాగ్ లింక్ ఏటవాలుగా ఉంటే, యాక్సిల్ లేచిన ప్రతిసారీ అది చక్రాన్ని నెట్టడమో లాగడమో చేస్తుంది. మీరు స్టీరింగ్ కదపకుండానే జీపు పక్కకు పోతుంది. రాడ్ ఎంత పొడవుగా, నేలకు ఎంత సమాంతరంగా ఉంటే ఈ గుంజుడు అంత తగ్గుతుంది. కాబట్టి బాక్స్ ఎత్తు నిర్ణయించే ముందు నాన్నగారు సీట్లో కూర్చుని ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, అప్పుడు రాడ్ రెండు చివరల ఎత్తు నేల నుంచి కొలవాలి. అన్నీ బిగించాక స్టీరింగ్‌ను తాడుతో కట్టేసి, ఛాసిస్ ముందు భాగాన్ని జాకీతో రెండు అంగుళాలు లేపి దించండి. టైరు తనంతట తాను పక్కకు తిరుగుతుంటే కోణం సరిచేయాలి.

పాత స్టీరింగ్ రాడ్ స్టీరింగ్ వీల్ నుంచి బాక్స్ దాకా ఒకే ముక్క. ముందు దెబ్బ తగిలితే అది నేరుగా డ్రైవర్ ఛాతీ వైపు వస్తుంది. కొత్త ఏర్పాటులో రెండు యూనివర్సల్ జాయింట్లతో షాఫ్ట్ విరుస్తాం కాబట్టి ఆ భయం కొంత తగ్గుతుంది. జాయింట్ కోణం 30 డిగ్రీలు దాటకుండా చూడండి, రెండు జాయింట్ల ఫోర్కులు ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే తిప్పుతుంటే ఒకచోట తేలిక, ఒకచోట బరువు తెలుస్తుంది. మూడో జాయింట్ అవసరమైతే మధ్యలో సపోర్ట్ బేరింగ్ లేకుండా వేయొద్దు. స్టీరింగ్ షాఫ్ట్ మీద పైపై వెల్డింగ్ చేయనివ్వకండి.

ఇక సెంటర్. ఈ బాక్సులకు సరిగ్గా మధ్యలో బిగుతు, పక్కలకు కొద్దిగా వదులు ఉంటుంది. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్స్ తన మధ్యలో ఉండాలి. ఒక చివర నుంచి మరో చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రండి. అక్కడ తెల్ల పెయింటుతో గుర్తు పెట్టండి. చక్రాలు తిన్నగా పెట్టి అప్పుడు డ్రాగ్ లింక్ తగిలించండి. నడిపేటప్పుడు స్టీరింగ్ కొంచెం వంకరగా కనిపిస్తే డ్రాగ్ లింక్ మర తిప్పి సర్దాలి. స్టీరింగ్ వీల్ పీకి మరో స్ప్లైను మీద పెడితే చూపుకు తిన్నగా ఉంటుంది, బాక్స్ మాత్రం వదులు భాగంలో నడుస్తుంది, పాత ప్లే మళ్లీ వచ్చినట్టు అనిపిస్తుంది. చివరిదాకా తిప్పినప్పుడు చక్రం దగ్గరున్న స్టాపర్ బోల్టు ముందు తగలాలి, ఆ తర్వాత కూడా బాక్స్‌లో కొంచెం తిరుగుడు మిగలాలి. ఈ జీపుకు టో-ఇన్ (ముందు చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగి ఉండే కొలత) ఒకటి నుంచి రెండున్నర మిల్లీమీటర్లు, క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు. కమాన్ పట్టీలు కుంగిపోయి ఉంటే క్యాస్టర్ మారుతుంది. అలైన్‌మెంట్ షాపులో అది కూడా కొలిపించండి.

పవర్ స్టీరింగ్ పెట్టించమని ఎవరైనా చెబితే ఇప్పుడే వద్దనండి. పాత ఇంజన్‌కు పంపు బిగించడం పెద్ద పని. సన్న టైర్లు, 24 రేషియో బాక్స్, వదులు లేని కీళ్లు ఉంటే దాని అవసరం రాదు.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల్లో, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండికే వింటేజ్ గుర్తింపు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఆ గుర్తింపు తీసుకుంటే రోజువారీ తిరుగుడుకు జీపు వాడకూడదు. నాన్నగారు రోజూ మార్కెట్‌కు తీసుకెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవడమే మేలు. ఏ దారైనా, రైలు కోయకుండా, వెల్డింగ్ లేకుండా, బోల్టులతో చేసిన పని రేపు విప్పి పాత బాక్స్ మళ్లీ పెట్టుకునేలా ఉంటుంది. పాత రాస్ బాక్స్, బెల్ క్రాంక్, రాడ్లు ఒక్కటి కూడా స్క్రాప్‌కు వేయకండి. ఆయిల్ రాసి, గుడ్డలో చుట్టి, పేరు రాసి దాచండి. మొదలుపెట్టే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా చెప్పండి.

పని అయ్యాక మొదటి రోజు కాలనీ లోపల, గంటకు 20 కిలోమీటర్లు దాటకుండా తిప్పండి. ఇంటికి వచ్చి ప్రతి నట్టూ చూడండి. తర్వాత పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు రాజీవ్ రహదారి మీద హకీంపేట దాకా వెళ్లి రండి. 40 దగ్గర ఒకసారి, 60 దగ్గర ఒకసారి స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని జీపు తిన్నగా పోతోందో లేదో గమనించండి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావాలి. వంద కిలోమీటర్ల తర్వాత బ్రాకెట్ బోల్టులు, డ్రాప్ ఆర్మ్ నట్టు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించి, ప్రతి నట్టు మీద పెయింటు గీత పెట్టండి. గీత పక్కకు జరిగితే నట్టు వదులైనట్టు దూరం నుంచే కనిపిస్తుంది. అప్పటిదాకా నాన్నగారిని రోడ్డు మీద నడపనివ్వకండి, ఎంత సరదాపడినా సరే. ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మీరే నడపండి.

ఆదివారం పరీక్షలో సుద్ద గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో, కోణమానినిలో ఎన్ని డిగ్రీలు వచ్చాయో రాసి పంపండి. ముందు టైరు పక్క గోడ మీద ఉన్న సైజు, కుడి ఛాసిస్ రైలు ముందు భాగం ఫోటో కూడా కావాలి. రైలు ఎక్కడైనా పాత వెల్డింగ్‌తో అతికి ఉంటే బ్రాకెట్ ఇంకో చోట వేయాల్సి వస్తుంది. అది చూశాకే ప్లేటు కొలతలు చెబుతాను.